రోముకు పోయే పాతబాట వెంట: సియెనా కొండల్లో మధ్యయుగపు కోటలను చూసే పద్ధతి

ఫ్లారెన్సు నుంచి రోముకు ప్రయాణించేవారికి దారి పొడవునా కొండకొమ్ముల మీద బురుజులూ, మొండిగోడలూ కనిపించి మాయమవుతుంటాయి. వాటిలో ఒకటి రెండింటి దగ్గరైనా దిగి చూడాలని అనిపించినవారి కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. ఇటలీలోని టస్కనీ ప్రాంతపు దక్షిణభాగంలో సియెనా నగరం చుట్టూ ఉన్న కోటలను మూడు రోజుల్లో ఏ వరుసలో చూడవచ్చో, ఏ ఇబ్బందులు ఎదురవుతాయో, గోడ ముందు నిలబడినప్పుడు దేనికోసం వెతకాలో ఇందులో చెబుతాను.

ఈ కోటలను విడివిడిగా చూడబోతే మూడో కోట దగ్గరికే విసుగు పుడుతుంది, ఎందుకంటే పైపైన చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి. వాటిని కలిపే దారిని పట్టుకుని చూస్తే ఒక్కొక్కటి అక్కడే ఎందుకు వెలసిందో తెలిసివస్తుంది. ఆ దారి పేరు వియా ఫ్రాంచీజెనా. ఆల్ప్స్ పర్వతాలకు అవతల నుంచి రోముకు వెళ్ళే యాత్రికులూ, వర్తకులూ, సైన్యాలూ ఈ బాటనే నడిచేవారు. క్రీ.శ. 990లో కాంటర్బరీ ఆర్చిబిషప్పు సిగెరిక్ రోము నుంచి తిరిగివెళుతూ తాను ఆగిన మజిలీల పేర్లన్నీ రాయించిపెట్టాడు. ఆ జాబితాలో సియెనా ఉంది. ఇప్పటి కాస్సియా రహదారి చాలాచోట్ల ఆ పాతబాటకు దగ్గరగానే సాగుతుంది. దారి ఉన్నచోట సుంకం ఉంటుంది, సుంకం ఉన్నచోట కాపలా ఉంటుంది, కాపలాకు ఎత్తైన చోటు కావాలి. అందుచేత ఏ కోటకు వెళ్ళినా లోపలికి అడుగుపెట్టే ముందే వెనక్కి తిరిగి, అది ఏ దారిని కనిపెట్టుకుని ఉందో చూడండి.

బయలుదేరే ముందు నాలుగు ఇటాలియన్ మాటలు నేర్చుకోవడం మంచిది, ఎందుకంటే వీటన్నింటినీ మనం ‘కోట’ అనే ఒక్కమాటతో సరిపెట్టుకుని పొరపడతాం. ‘కాస్తెల్లో’ అంటే రాజుగారి భవనమే కానక్కరలేదు. ఈ ప్రాంతంలో చాలాచోట్ల అది చుట్టూ గోడ కట్టుకున్న ఊరు మాత్రమే. ‘రోక్కా’ అన్నది పూర్తిగా సైనికుల అవసరానికి, ఊరికంటే ఎత్తున, బండమీద కట్టిన దుర్గం. ‘బోర్గో’ అంటే ఆ దుర్గం కిందనో గోడల నడుమనో పెరిగిన వాడ. ‘తోర్రే’ అంటే గోపురం లాంటి ఒంటి బురుజు. పలక మీద కాస్తెల్లో అని చూసి వెళ్ళినచోట దర్బారు, అంతఃపురం లేవని నిరాశపడేవారిని చూశాను. అక్కడ ఉండవలసినవి ఇళ్ళూ, చర్చీ, నీటి బావీ మాత్రమే.

కాలం విషయానికి వస్తే ఏప్రిల్ నడుమ నుంచి జూన్ మొదటివారం వరకూ, మళ్ళీ సెప్టెంబరు నుంచి అక్టోబరు చివరివరకూ అనుకూలం. జులై, ఆగస్టు నెలల్లో ఎండ 35 డిగ్రీలు దాటడం మామూలే. కోట గోడల మీద నీడ ఉండదు. మన ఎండలకు అలవాటుపడినవాళ్ళం కదా అని తేలికగా తీసుకోవద్దు, మనం ఆ వేళకు ఇంటి పట్టున ఉంటాం కాని ఎత్తులు ఎక్కుతూ ఉండం. చలికాలంలో కొండల మీద మంచు తెరలు చాలా అందంగా ఉంటాయి కాని, తెరిచి ఉంచే గంటలు బాగా తగ్గిపోతాయి.

కాపురం సియెనాలో పెట్టుకుంటే అన్నింటికీ దగ్గర. బస్సులతో కొంతవరకే పని జరుగుతుంది. వేళల పట్టికలో ‘ఫెరియాలే’ అని ఉంటే సోమవారం నుంచి శనివారం వరకు, ‘ఫెస్తీవో’ అని ఉంటే ఆదివారాలు, పండుగ రోజులు. ‘స్కొలాస్తికో’ అని ఉన్న బస్సు బడులు నడిచే రోజుల్లో మాత్రమే వస్తుంది. ఈ మూడో మాట తెలియకపోతే బడి సెలవుల్లో రాని బస్సు కోసం గంటల తరబడి నిలబడవలసివస్తుంది. ఇద్దరు ముగ్గురు కలిసి వెళుతుంటే కారు అద్దెకు తీసుకోవడమే నయం. భారతీయ లైసెన్సుతో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తప్పనిసరి. దాన్ని ఇండియాలో బయలుదేరే ముందే రవాణాశాఖ దగ్గర తీసుకోవాలి. గేర్లులేని కారు కావాలంటే ముందే అడిగి పెట్టుకోవాలి, లేకపోతే చేతికి గేర్లబండే వస్తుంది. ఎడమవైపు స్టీరింగుతో, కుడిచేత్తో గేర్లు మార్చుతూ కొండమలుపులు తిరగడం మొదటిరోజు కాస్త కష్టమే.

కారు తీసుకున్నవారు జాగ్రత్తపడవలసినది ‘జోనా ఎ త్రాఫికో లిమితాతో’ అనే నిషేధమండలం విషయంలో. పాత ఊళ్ళ లోపలి వీధుల్లోకి స్థానికుల బండ్లను తప్ప మిగిలినవాటిని రానివ్వరు. అడ్డుగా గేటేమీ ఉండదు. తెల్లని పలక మీద ఎర్ర వలయం, పక్కన ఒక కెమెరా, అంతే. నేను ఒక ఊరిలో ముందరి కారు వెంట ఆలోచించకుండా లోపలికి పోయాను. ఇంటికి తిరిగివచ్చిన ఐదు నెలల తరువాత జరిమానా కాగితం వచ్చింది, దానికి ముందే కారు అద్దెకిచ్చినవారు నా చిరునామా పోలీసులకు అందజేసినందుకు వేరుగా రుసుము కోసుకున్నారు. బండి ఎప్పుడూ గోడ బయటే ఆపండి. నేలమీద నీలిగీతలుంటే డబ్బు కట్టాలి, తెల్లగీతలైతే సాధారణంగా ఉచితం, పసుపుగీతలు మనకు కావు.

మొదటిరోజు మోంతెరిజ్జోనికి వెళ్ళండి. సియెనాకు వాయవ్యంగా సుమారు 15 కిలోమీటర్ల దూరం. ఆ పేరుతో రైల్వే స్టేషను ఒకటుంది కాని అది కోటకు కిలోమీటర్ల దూరంలో ఉంది కాబట్టి పేరు చూసి దిగకండి. బస్సయితే గుట్ట కింద దించుతుంది, పైకి నడవాలి. ఆ నడక వల్ల మేలే జరుగుతుంది, ఎందుకంటే ఈ కోట అందం దూరం నుంచి చూస్తేనే తెలుస్తుంది. ఫ్లారెన్సుతో ఉన్న వైరం కారణంగా సియెనావారు 1213 ప్రాంతంలో మొదలుపెట్టి 1219 నాటికి దీన్ని కట్టారు. గోడ చుట్టుకొలత 570 మీటర్లు. దాని మీద 14 బురుజులు. అగాధం అంచున నడుములోతు దిగి నిలబడిన రాక్షసులను వర్ణించవలసివచ్చినప్పుడు కవి దాంతే మోంతెరిజ్జోని బురుజుల కిరీటాన్నే పోలికగా తెచ్చాడు. ఆయన చూసినప్పుడు ఆ బురుజులు ఇంకా ఎత్తుగా ఉండేవి, తరువాతి కాలంలో తలలు తెగ్గోశారు.

ఇక్కడ వెంటనే గుమ్మంలోకి దూరకండి. ముందుగా గోడ బయట ఆలివుచెట్ల మధ్య కాలిబాట వెంట వీలైనంత దూరం చుట్టివస్తే, తరువాతి కోటలన్నింటికీ పనికివచ్చే పాఠం ఇక్కడే దొరుకుతుంది. బురుజులు గోడ వరుసలోంచి బయటికి పొడుచుకువచ్చి ఉంటాయి. గోడకు నిచ్చెన వేసినవాణ్ణి రెండుపక్కల బురుజుల మీద నుంచి పక్కవాటంగా కొట్టడానికే ఆ అమరిక. దగ్గరికి వెళ్ళి గోడను చూస్తే, వరుసతప్పకుండా జానెడు వెడల్పున చదరపు కన్నాలు కనిపిస్తాయి. వాటిని చూసి చాలామంది బాణాలు వేసే కన్నాలనుకుంటారు. అవి పరంజా కన్నాలు. గోడ లేస్తున్నకొద్దీ తాపీవారు అడ్డదూలాలను గోడలోనే దూర్చి, వాటి మీద పలకలు పరిచి, పైవరుస కట్టి, దూలం లాగేసుకునేవారు. కన్నం అలాగే మిగిలిపోయింది, ఇప్పుడు పావురాలు కాపురముంటున్నాయి. బాణాల కోసం విడిచిన సందు ఇలా ఉండదు. అది నిలువుగా, బయట వేలు దూరేటంత సన్నగా, లోపల మనిషి నిలబడేటంత వెడల్పుగా ఉంటుంది. కింది వరుసలకూ పై వరుసలకూ రాళ్ళ పరిమాణం మారినచోట చెయ్యిపెట్టి చూడండి, గచ్చు రంగు కూడా మారితే అక్కడ గోడను తరువాతి కాలంలో ఎత్తుచేశారనో పడిపోతే మళ్ళీ కట్టారనో అర్థం.

గోడకు రెండు ద్వారాలున్నాయి, ఒకటి ఫ్లారెన్సు వైపు, ఇంకొకటి రోము వైపు. పాతబాట ఒకదాంట్లో ప్రవేశించి రెండోదాంట్లోంచి వెళ్ళేది. ద్వారం కింద నిలబడి పక్కగోడలను తడిమితే పైనుంచి దించే కమ్మీల తలుపు జారిన గాడీ, అడ్డగడియ మాను దూరే లోతైన కన్నమూ ఇలాంటి ద్వారాల్లో తరచుగా దొరుకుతాయి. గోల్కొండ తలుపుల మీద ఏనుగులు కుమ్మకుండా బిగించిన ఇనుపమేకులను చూసినవారికి ఇక్కడి ద్వారాలు మరీ బోడిగా అనిపించవచ్చు. ఏనుగుల భయం లేని దేశపు తలుపులవి. లోపల అంతా ఒక చిన్న ఊరు: ఒక మైదానం, ఒక చర్చి, బావి, కొన్ని ఇళ్ళు, పదినిమిషాల్లో ఈ కొస నుంచి ఆ కొసకు పోవచ్చు. టిక్కెట్టు కొంటే గోడ మీది అలంగం వెంట కొంతదూరం నడవనిస్తారు. ఎక్కే మెట్లు నిటారుగా, ఇనుపవి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దలు కిందనే కూర్చోవడం మంచిది, వారికి పోయేదేమీ లేదు, గోడ కథ బయటివైపే ఎక్కువగా ఉంది. ఈ కోట 1554లో ఫ్లారెన్సు పక్షానికి చిక్కింది. గోడ కూలి కాదు, లోపలి సేనానాయకుడే తాళాలు అప్పజెప్పాడు.

ఇక్కడినుంచి సాన్ జిమిన్యానో దగ్గరే. ఒకనాడు 72 గోపురాలుండేవని చెప్పే ఆ ఊరిలో ఇప్పుడు పద్నాలుగు దాకా మిగిలాయి. చూడవద్దనను కాని, ఉదయం పది దాటితే ఇసుకవేస్తే రాలనంత జనం. సాయంత్రం బస్సులు వెళ్ళిపోయాక వెళ్ళండి.

రెండోరోజు కాస్సియా రహదారి పట్టుకుని దక్షిణానికి, ఓర్చా లోయలోకి దిగండి. యునెస్కో 2004లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన ప్రాంతమిది. దారిలో పక్కకు మళ్ళితే మోంతల్చీనో వస్తుంది. అక్కడి దుర్గం 1361లో కట్టినది, ఐదుమూలల ఆకారం. 1555లో సియెనా ఫ్లారెన్సు పక్షానికి లొంగిపోయాక ఆ నగరపు పెద్దలు కొందరు ఇక్కడికి వచ్చి 1559 వరకూ తమ గణతంత్రాన్ని నిలుపుకున్నారు. ఇప్పుడు లోపల బ్రునెల్లో ద్రాక్షసారాయి దుకాణం ఉంది. పైకెక్కి లోయ చూసి, అరగంటలో దిగిపోవచ్చు.

సమయం మిగుల్చుకోవలసినది రోక్కా దోర్చా కోసం. కస్తిల్యోనే దోర్చా అనే ఊరి పక్కన ఒక రాతిముక్కు మీద తెంతెన్నానో దుర్గం ఒంటరిగా నిలబడి ఉంటుంది, దాని కాళ్ళ దగ్గర రోక్కా దోర్చా అనే గుప్పెడు ఇళ్ళవాడ. సియెనాలో వడ్డీవ్యాపారంతో గడించిన సలింబేని వంశంవారి చేతిలో ఇది చాలాకాలం ఉంది. సియెనా సాధ్వి సెయింట్ కాతెరీనా 1377లో ఇక్కడ బస చేసిందనీ, ఇక్కడే రాయడం నేర్చుకున్నదనీ చెబుతారు. వాడ నడుమ పెద్ద నీటిబావిని దాటి పైకి నడవాలి. అది ఊటబావి కాదు, వానచుక్కను పట్టి నిలిపే తొట్టి. కొండమీది కోటకు శత్రువుకంటే ముందు దాహం వస్తుంది కాబట్టి ఏ శిథిలంలోనైనా నీటి ఏర్పాటు ఎక్కడుందో వెతకడం అలవాటు చేసుకోండి. మన కొండకోటల్లో కోనేళ్ళు తవ్వింది కూడా ఇందుకే. దుర్గం కప్పు మీద నిలబడితే కింద ఓర్చా నది, దాని వెంట పాతబాట, ఎదురుగా సాన్ క్విరికో ఊరు, దక్షిణాన ఒకప్పటి అగ్నిపర్వతమైన అమియాతా, దూరాన ఆకాశంలోకి గుచ్చినట్టుండే రాదికోఫాని బురుజు, ఇవన్నీ ఒకే చూపులో అందుతాయి. ఇక్కడ నిప్పు వెలిగిస్తే అక్కడ కనబడుతుందన్న సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు.

నేను మొదటిసారి వెళ్ళినప్పుడు మధ్యాహ్నం ఒంటిగంటకు చేరి, మూసి ఉన్న తలుపు ముందు చాలాసేపు గోడనీడలో కూర్చోవలసివచ్చింది. ఇలాంటి చిన్నచోట్ల మధ్యాహ్నం మూసివేయడం, వారంలో ఒకటి రెండు రోజులు అసలే తీయకపోవడం సాధారణం. బయలుదేరే ముందురోజు ఆ ఊరి పురపాలక కార్యాలయం పెట్టిన వేళలను చూసుకోండి. పలక మీద ‘ఉల్తిమో ఇంగ్రెస్సో’ అని ఉంటే, అది మూసే వేళ కాదు, ఆఖరిసారి లోపలికి పంపే వేళ.

మధ్యాహ్నం మూతపడేవి కోటలే కాదు. వంటిళ్ళు కూడా రెండున్నర ప్రాంతానికి ఆగిపోతాయి, మళ్ళీ రాత్రి ఏడున్నరకు గాని వేడి భోజనం దొరకదు. కోట చూసి తిందామనుకోకండి, తిని చూడండి. శాకాహారులకు ఈ ప్రాంతం కష్టమేమీ కాదు. చేత్తో పొడవుగా దొర్లించి చేసే ‘పీచి’ అనే లావుపాటి సేమ్యాను టమాటా, పెద్దపాయల వెల్లుల్లి కలిపిన ‘అల్యోనే’ పులుసుతో అడగండి. ‘రగూ’ అంటే మాంసం కలిసినది. రొట్టెలో ఉప్పుండదు. వేయడం మరిచిపోయారనుకోవద్దు, ఇక్కడి పద్ధతే అది. సంచిలో కాస్త ఆవకాయ ఉంటే ఆ రొట్టె విలువ ఇంకా బాగా తెలుస్తుంది.

మూడోరోజు రాదికోఫాని. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున, చల్లారిన లావా మిగిల్చిన నల్లరాతి గుట్ట మీద ఉన్న దుర్గమిది. ఊరిలో ఇళ్ళు కూడా ఆ నల్లరాతివే. పదమూడో శతాబ్దం చివర గీనో ది తాక్కో అనే చిన్నపాటి కులీనుడు దీన్ని పట్టుకుని బాటసారులను దోచుకునేవాడు. కడుపునొప్పితో స్నానతీర్థాలకు వెళుతున్న, ఫ్రాన్సులోని క్లూనీ మఠాధిపతిని అతడు బంధించి, రోజూ కాల్చిన రొట్టె, ద్రాక్షసారాయి మాత్రమే పెట్టి నొప్పి నయంచేశాడని ఇటాలియన్ రచయిత బొకాచియో ఒక కథ చెప్పాడు. గుట్టమీద నుంచి కింద మలుపులు తిరిగే దారిని చూస్తే దొంగ తెలివి అర్థమవుతుంది, పొద్దున బయలుదేరిన బిడారు మధ్యాహ్నానికి గాని తన దగ్గరికి రాదని అతడికి ముందే తెలిసిపోయేది.

మోంతెరిజ్జోనిలో నేర్చుకున్న పాఠానికి రెండో సగం ఇక్కడుంది. అక్కడి గోడలు సన్నగా, నిటారుగా, ఎత్తుగా ఉన్నాయి. నిచ్చెనలకు జవాబు అది. ఫిరంగులు వచ్చాక ఎత్తైన గోడ సులభమైన గురి అయిపోయింది. అందుచేత పదహారో శతాబ్దంలో ఫ్లారెన్సు పాలకులైన మెదిచీలు ఈ కొండను చేజిక్కించుకున్నాక కట్టించిన బురుజులు పొట్టిగా, లావుగా, ముక్కుదేరి, అడుగున వాలుగా ఉంటాయి. గుండు తగిలితే జారిపోవాలి, లేదా గోడ వెనక మట్టిలో కూరుకుపోవాలి. పాత గోడనూ కొత్త బురుజునూ ఒకేచోట పక్కపక్కన చూసే అవకాశం ఈ దుర్గంలో ఉంది. ఇది 1735లో మందుగుండు పేలి చాలావరకు ధ్వంసమైంది, ఇప్పుడు ఎక్కే మధ్యగోపురంలో ఎక్కువభాగం గత శతాబ్దపు పునర్నిర్మాణమే.

పునర్నిర్మాణాల మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. గోడ నెత్తిన పళ్ళలా వరుసగా ఉండే దిమ్మెలు చదరంగా ఉంటే పోపు పక్షంవారైన గ్వెల్ఫులవనీ, పిచ్చుకతోకలా చీలి ఉంటే చక్రవర్తి పక్షంవారైన గిబెల్లీనులవనీ మార్గదర్శులు ధీమాగా చెబుతుంటారు. నేను ఆ సూత్రాన్ని నమ్మను. కోటలు చేతులు మారాయి, దిమ్మెలు రాలిపోయాయి, పంతొమ్మిది ఇరవై శతాబ్దాల్లో బాగుచేసినవారు తమకు నచ్చిన ఆకారంలో మళ్ళీ పెట్టారు. రాయి అంచులు మరీ పదునుగా, రంగు మరీ ఒకేలా ఉంటే అది పాతది కాదని అనుమానించండి.

ఒక పూట మిగిలితే కోట కాని శిథిలం ఒకటి చూడమంటాను. సియెనాకు నైరుతిగా సుమారు 35 కిలోమీటర్ల దూరంలో సాన్ గల్గానో మఠముంది. సిస్టర్షియన్ సన్యాసులు 1218 ప్రాంతంలో మొదలుపెట్టిన చర్చి ఇది. పదహారో శతాబ్దంలో మఠాధికారి ఒకడు కప్పు మీది సీసపు రేకులు అమ్ముకున్నాడు, నీరు దిగి కప్పు పాడయింది, 1786లో గంటస్తంభం కూలింది. ఇప్పుడు నిలువుగోడలు, కొనతేలిన కమానులు, మట్టినేల, పైన ఆకాశం. పక్కనే మోంతెసియేపి గుట్ట మీది గుండ్రని గుడిలో రాతిలో దిగిన కత్తి ఉంది. యుద్ధవృత్తిని వదిలిన గల్గానో అనే యోధుడు ఆ కత్తిని శిలువ గుర్తుగా రాతిలో గుచ్చాడని ఐతిహ్యం. ఆయన 1181లో మరణించాడు. మబ్బుపట్టిన రోజున, పొద్దున్నే వెళ్ళండి, కమానుల నీడలు నేలమీద లేనప్పుడే రాతిపని స్పష్టంగా కనబడుతుంది.

ఈ కొండల్లో కనిపించే కోటలన్నీ చూడదగినవే కాని, అన్నీ చూడనిచ్చేవి కావు. చాలావాటిలో ఇప్పుడు సొంతదారులు కాపురముంటున్నారు, కొన్ని ద్రాక్షతోటల గిడ్డంగులు, కొన్ని బస గృహాలు. ఫ్లారెన్సు దగ్గరి మోంతెగుఫోని కోట అలాంటి సొంత ఆస్తే. 1944లో అక్కడికి చేరిన 8వ భారత డివిజన్ సైనికులకు, యుద్ధభయంతో ఫ్లారెన్సు నుంచి తరలించి దాచిన, చిత్రకారుడు బొత్తిచెల్లి గీసిన ‘ప్రిమవేరా’ చిత్రంతో సహా ఎన్నో కళాఖండాలు కంటబడ్డాయి. గేటు మీద ‘ప్రొప్రియెతా ప్రివాతా’ అని ఉంటే సొంత ఆస్తి అని అర్థం, అక్కడితో ఆగాలి. ‘పెరికొలో ది క్రొల్లో’ అంటే కూలే ప్రమాదం. ఆ పలక ఉన్నచోట కంచె విరిగిపోయి ఉన్నా, ఇతరులు లోపల తిరుగుతున్నా వెళ్ళకండి.

కాపలాలేని శిథిలాల దగ్గర గోడల మీదికి ఎక్కవద్దు. గచ్చు పోయిన రాయి చూడటానికి గట్టిగానే ఉంటుంది, కాలు మోపాకనే కదులుతుంది. ఎండాకాలంలో రాళ్ళ సందుల్లో రక్తపింజరి జాతి పాములు, గడ్డిలో పిడుదులు ఉంటాయి కాబట్టి నిండుపాదాన్ని కప్పే బూట్లు, పొడుగు ప్యాంటు వేసుకుని, గదికి వచ్చాక ఒళ్ళు చూసుకోండి. సెప్టెంబరు మూడో ఆదివారం నుంచి జనవరి చివరి వరకు వేటకాలం, అడవిబాటల్లో నడిచేటప్పుడు కొట్టొచ్చే రంగుబట్టలు వేసుకోవాలి. మంగళ, శుక్రవారాల్లో వేట నిషేధం కాబట్టి అడవి మధ్యలోని శిథిలాలకు ఆ రెండు రోజులు ఎంచుకోవచ్చు. పాతకుండ పెంకు కనబడితే చూసి అక్కడే పెట్టండి, నేలలో దొరికిన పురాతన వస్తువు ప్రభుత్వానిదే అవుతుంది. ఆపద వస్తే ఫోను చేయవలసిన సంఖ్య 112.

అన్నీ చూసుకుని వెళ్ళినా తాళం ఎదురయ్యే రోజు ఒకటి ఉంటుంది. అప్పుడు ఊరిలోని బారుకు వెళ్ళండి. అక్కడ బారంటే కాఫీకొట్టు, కుటుంబంతో నిరభ్యంతరంగా పోవచ్చు. ఒక కాఫీ చెప్పి, నిలబడే తాగి, ‘కీ ఆ లే క్యావి?’ అని, అంటే తాళాలు ఎవరి దగ్గరున్నాయని, నెమ్మదిగా అడగండి. చిన్న ఊళ్ళలో చర్చి తాళమో బురుజు తాళమో ఎదురింటి పెద్దావిడ దగ్గర ఉండటం కొత్తేమీ కాదు. ఆవిడ భోజనం ముగించేదాకా మాత్రం ఆగవలసి ఉంటుంది.